ఫార్గో: ఒక్క టీఆర్ స్టిక్కర్ అంటించుకుంటే పోయేదానికి

ముందే చెప్తున్నాను, ఈ ఫార్గో అనే ఇంగ్లీషు సినిమా కొత్తది కాదు. 1996లో వచ్చింది, అప్పటికి నేను పలక చంకన పెట్టుకుని బడికి పోతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దీని గురించి రాయడానికి కారణం ఒకటే. మొన్న రోహిణీ కార్తెలో కావలిలో మా ఇంట్లో ఆరుగురం కూర్చుని చూశాం, ఆరుగురం ఆరు చోట్ల నవ్వాం, ఎవరికి వాళ్ళం ఒక్కో చోట నవ్వడం ఆపేశాం. ఆ ఆపేసిన చోట్ల గురించే రాయాలనిపించింది.

కావలి ఎండల సంగతి తెలియనివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంటుంది. మా ఇంట్లో ఏసీ ఒకే గదిలో ఉంది కాబట్టి వేసవిలో ఆ గదే ఇల్లు, టీవీ కూడా అక్కడికే చేర్చేశాం. అక్కకి ఏడో నెల, పురిటికి పుట్టింటికి వచ్చింది. దాన్ని చూడ్డానికి బావ శనివారం సాయంత్రం ఒంగోలు నుంచి వచ్చాడు, అక్కడ సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం ఆయనది. పక్క వీధిలో ఉండే పెదనాన్న, హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు, గ్లాసు మజ్జిగ తాగి పోదామని వచ్చి చల్లగాలికి అక్కడే కూలబడ్డాడు. సినిమా పెట్టింది మా పిన్ని కొడుకు, నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాడు. ఏం సినిమారా అంటే "గంటా ముప్పై ఎనిమిది నిమిషాలేనన్నా, మొత్తం మంచే" అన్నాడు. ఆ రెండో మాటకి అందరం సరేనన్నాం.

నిజంగానే మొదటి షాట్ నుంచీ మంచే. తెర మొత్తం తెల్లగా ఉంటుంది, రోడ్డేదో ఆకాశమేదో తెలియదు, ఆ తెలుపులోంచి ఒక కారు వెనకాల ఇంకో కారును కట్టుకుని మెల్లగా వస్తుంది. అమ్మ ఆ మంచు చూసి "మనకి ఒక తట్టెడు పంపించరాదా నాయనా" అంది. తర్వాత చదివితే తెలిసింది, షూటింగ్ చేసిన ఏడాది మినియాపాలిస్ వైపు మంచు సరిగా పడక, మంచు కోసం వెతుక్కుంటూ యూనిట్ మొత్తం నార్త్ డకోటాకి పోవాల్సొచ్చిందట. అమెరికా వాళ్ళకీ తప్పలేదన్నమాట వానదేవుడితో తంటా.

కథ ఇది. మినియాపాలిస్‌లో జెర్రీ అనే ఒకాయన మామగారి కార్ల షోరూంలో సేల్స్ మేనేజరు. పీకల్దాకా అప్పులు, ఎందుకయ్యాయో సినిమా చెప్పదు. మామ దగ్గర బోలెడు డబ్బుంది కానీ అల్లుణ్ణి పూచికపుల్లలా చూస్తాడు. ఈయనకి ఒక ఆలోచన వస్తుంది. ఇద్దరు దొంగలకి డబ్బాశ చూపి తన భార్యనే కిడ్నాప్ చేయిస్తాడు, మామ ఇచ్చే డబ్బులో కొంత దొంగలకి, మిగతాది తనకి. దొంగలకేమో మొత్తం 80 వేల డాలర్లు, అందులో సగం మీకు అని చెప్తాడు. మామకేమో పది లక్షల డాలర్లు అడుగుతున్నారని చెప్తాడు. ఎవరికీ దెబ్బ తగలకుండా వారంలో పని అయిపోతుందని లెక్క. తీసింది అన్నదమ్ములు జోయెల్ కోయెన్, ఈథన్ కోయెన్. జెర్రీగా విలియం హెచ్. మేసీ. దొంగల్లో వాగుడుకాయగా స్టీవ్ బుషెమి, మాట్లాడని పొడుగాటివాడిగా పీటర్ స్టోర్మేర్. పోలీసు అధికారి మార్జ్‌గా ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్, ఈ పాత్రకే ఆమెకి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. ఆ స్క్రీన్‌ప్లేకీ ఇంకో ఆస్కార్.

ఇక్కడి నుంచి కథలో ఏం జరుగుతుందో చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళ సినిమా, అయినా చూడనివాళ్ళు ముందు చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

దొంగలతో జెర్రీ కలిసే మొదటి సీనే చూడండి. వాళ్ళు ఏడున్నర నుంచి కూర్చుని ఉంటారు, ఈయన ఎనిమిదిన్నరకి పోతాడు, మధ్యవర్తి నాకు ఎనిమిదిన్నరే చెప్పాడంటాడు. అంతే. ఎవడి తప్పో తేలదు. ఇంకా పని మొదలుకాకముందే ఒక గంట తేడా వచ్చింది, సినిమా మొత్తం ఆ గంట తేడాలాంటి వాటితోనే నడుస్తుంది. మన సినిమాల్లో కిడ్నాప్ అంటే గోడ మీద మ్యాపు, వాచీలు కలుపుకోవడం, విలన్ డెన్నులో ఎర్ర లైట్లు ఉంటాయి. ఇక్కడ కిడ్నాప్ చేయడానికి వచ్చినవాడి చెయ్యి ఆవిడ కొరికితే, ఆవిణ్ణి వదిలేసి బాత్‌రూంలో ఆయింట్‌మెంట్ వెతుక్కుంటాడు.

బావ గురించి చెప్పాలి. మొదటి ఇరవై నిమిషాలు గదిలో అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే. జెర్రీ ఒక కస్టమరుకి వద్దన్న కోటింగ్ అంటగట్టి నాలుగు వందల డాలర్లు బిల్లులో వేస్తాడు. కస్టమరు ఎగిరితే "ఉండండి, పైవాళ్ళని అడిగొస్తా" అని లేచి పోతాడు. పోయి అడిగేదేం ఉండదు, పక్క గదిలో ఇంకొకడితో పిచ్చాపాటీ మాట్లాడి వచ్చి వంద తగ్గించారండీ అంటాడు. బావ తొడ చరుచుకుని "ఇది మా దగ్గర రోజూ ఉండేదే బామ్మర్దీ, టెఫ్లాన్ కోటింగ్ అంటాం మేం, లోపలికి పోయి టీ తాగొస్తాం" అన్నాడు. అక్క ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం వాళ్ళ పెళ్ళప్పుడు మా నాన్న కొన్న కారుకి కూడా కోటింగ్ వేయించారని.

తర్వాత ఫైనాన్స్ కంపెనీ నుంచి జెర్రీకి ఫోనొస్తుంది. 3 లక్షల 20 వేల డాలర్ల లోను తీసుకున్నావు, ఆ బండ్ల సీరియల్ నంబర్లు నువ్వు పంపిన కాగితాల్లో కనపడటం లేదు, మళ్ళీ పంపు అంటారు. జెర్రీ ఆ నంబర్లు కావాలనే అలికేసి పంపుతాడు, అసలు బండ్లు ఉంటే కదా. అక్కడ బావ నవ్వడం ఆపేశాడు. కాసేపాగి "ఛాసిస్ నంబరుతో ఆడుకోకూడదు" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. తర్వాత ఫోను వచ్చిన ప్రతిసారీ జెర్రీ మొహంలోకి ఒక నవ్వు తెచ్చుకుంటాడు చూడండి, ఎదుటివాడు ఫోన్లో ఉన్నా సరే నవ్వుతూనే మాట్లాడతాడు, ఆ నవ్వు బావకి తెలిసిన నవ్వు. ఆ నవ్వు కోసమే మేసీకి ఏ అవార్డు ఇచ్చినా తక్కువే. ఆయన ఆస్కార్‌కి సహాయ నటుడిగా నామినేట్ అయ్యాడు కానీ రాలేదు.

ఇంకో చిన్న ముక్క. మామ ఒక దశలో మెత్తబడ్డట్టు కనిపిస్తాడు, జెర్రీ చూపించిన పార్కింగ్ స్థలం వ్యాపారం బాగుందంటాడు. ఇక కిడ్నాప్ అక్కర్లేదేమో, ఆపేద్దామని జెర్రీ మధ్యవర్తి దగ్గరికి పరిగెత్తుతాడు. వాళ్ళకి ఫోన్ చేసే మార్గం లేదంటాడు వాడు. ఆపడానికి ఒకే ఒక్క ఫోన్ నంబరు కావాలి, అది లేదు. తీరా మామ దగ్గరికి పోతే వ్యాపారం నేను చేసుకుంటాను, నీకు కమీషన్ ఇస్తానంటాడు. బయటికొచ్చి కారు అద్దం మీద గడ్డకట్టిన మంచును జెర్రీ గీకడం మొదలుపెడతాడు, గీకి గీకి ఒక్కసారి పిచ్చిపట్టినవాడిలా ఆ గీకే పుల్లని విసిరి కొడతాడు, తర్వాత మళ్ళీ వంగి తీసుకుని గీక్కుంటాడు. డైలాగు లేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడొక్కడే ఫోన్ చూసుకుంటున్నాడు, వాడికింకా ఈఎంఐలు లేవు.

ఇప్పుడు అసలు సీను. దొంగలు భార్యని వెనక సీట్లో గుడ్డ కప్పి పడుకోబెట్టి రాత్రిపూట హైవే మీద పోతుంటారు. జెర్రీ బయానాగా ఇచ్చిన కొత్త కారు అది. పెట్రోలింగ్ పోలీసు వెనకాల లైటు వేసి ఆపుతాడు. ఎందుకు ఆపాడు? పర్మనెంట్ నంబరు ప్లేటు లేదు, అది వచ్చేదాకా అంటించాల్సిన టెంపరరీ స్టిక్కర్ అంటించలేదు. మన లెక్కలో టీఆర్, అంటే టెంపరరీ రిజిస్ట్రేషన్ స్టిక్కర్. వాగుడుకాయ పర్సులో లైసెన్సు వెనక యాభై డాలర్ల నోటు కొంచెం బయటికి కనపడేట్టు పెట్టి ఇస్తాడు, ఆ పోలీసు తీసుకోడు, దిగమంటాడు. వెనక సీట్లోంచి ఆవిడ మూలుగు వినిపిస్తుంది. అంతే, పొడుగాటివాడు ఆ పోలీసు తల పట్టుకుని కాల్చేస్తాడు.

అంతటితో ఆగదు. శవాన్ని రోడ్డు పక్కకి లాగుతుంటే ఎదురుగా ఒక కారు వస్తుంది. అందులో ఇద్దరు, మామూలు మనుషులు, ఎటో పోతున్నవాళ్ళు. తల తిప్పి చూస్తారు. చూసినందుకే చచ్చిపోతారు. వాళ్ళకి సినిమాలో ఒక్క డైలాగు లేదు, కథతో ఏ సంబంధమూ లేదు.

"ఆ ఇద్దరూ ఏం పాపం చేశారురా" అని అమ్మ లేచి కూర్చుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, కింద పడే అక్షరాలు తమ్ముడు చదివి తెలుగులో చెప్తున్నాడు, వాడికి అర్థం కానిచోట సొంత కవిత్వం. కానీ ఆ సీనుకి అనువాదం అక్కర్లేదు కదా. అమ్మ తలరాత అంది. బావ ఒప్పుకోలేదు. "తలరాత కాదత్తా, స్టిక్కరు అంటించుకుంటే పోయేదానికి. ఇద్దరు దొంగ నాయాళ్ళు, ఒక్కడికి కూడా కాయితాల మీద ధ్యాస లేదు." నాకైతే ఇద్దరూ కరెక్టే అనిపించింది. దొంగలకి అది నిర్లక్ష్యం, ఎదురొచ్చిన ఇద్దరికీ తలరాత. ఒకడు చెయ్యని చిన్న పని ఇంకొకడికి తలరాత అవుతుంది, సినిమా మొత్తం ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది, కానీ ఎక్కడా ఎవరి నోటా చెప్పించదు.

బావ మాత్రం ఆ తర్వాత సగం సినిమా ఫోన్లో ఏదో వెతుకుతూనే ఉన్నాడు. మర్నాడు టిఫిన్ దగ్గర తెలిసింది. ఏడాది క్రితం ఒకాయనకి బండి అమ్మాడు, ఆయన ఆర్‌సీ పేరు మార్పించుకోలేదు, బండి అమ్మినట్టు ఇచ్చే ఫారం 29 మీద సంతకం పెట్టి ఇచ్చేసి ఈయన మర్చిపోయాడు. ఇప్పటికీ ఆ బండి ఎక్కడ తిరుగుతున్నా కాయితం మీద బావదే. అది ఎవరినైనా గుద్దితే ముందు వచ్చేది మా అక్క ఇంటికే. కారం దోశ సగంలో వదిలేసి ఆయనకి ఫోన్ చేశాడు, స్విచాఫ్ వస్తోంది. నేను రాసేటప్పటికీ స్విచాఫే.

మార్జ్ అరగంట దాటాకే వస్తుంది. హీరో ఇంట్రడక్షన్ అంటే ఏంటో మన తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ ఇంట్రడక్షన్ ఏమిటంటే తెల్లారకముందే ఫోన్ మోగుతుంది, నిండు గర్భిణి మంచం మీద నుంచి లేస్తుంది, మొగుడు "ఉండు గుడ్లు వేసిస్తా, తిని పో" అంటాడు. ఆవిడ వద్దంటుంది, వింటాడా, ఇద్దరూ కూర్చుని తింటారు. తిని పోయి మూడు శవాలు చూస్తుంది. శవం దగ్గర వంగితే పక్కనున్న పోలీసు ఏదైనా కనపడిందా మేడమ్ అన్నట్టు అడుగుతాడు, లేదు, వాంతి వచ్చేట్టుంది అంటుంది. అది తగ్గగానే మళ్ళీ ఆకలేస్తోందంటుంది. అక్క అప్పటిదాకా పక్కకి తిరిగి పడుకుని ఉంది, కడుపుతో ఉన్నదానివి ఇట్టాంటియ్యి చూడకూడదే అని అమ్మ గొణుగుతూనే ఉంది, ఈ సీనుకి అక్క కడుపు పట్టుకుని ఎంత నవ్విందంటే అమ్మ భయపడి ఏసీ తగ్గించింది. "సినిమా తీసినోళ్ళ ఇంట్లో ఎవరో కడుపుతో ఉండుంటారు, లేకపోతే ఈ ముక్క తెలియదు" అని అక్క తీర్పు. సినిమాలో మార్జ్‌కి కూడా ఏడో నెలే. మెక్‌డార్మండ్ పెట్టుకుంది దిండు కడుపేనంటే, ఆమె నడక చూసి అక్క నమ్మలేదు, కుర్చీలోంచి లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలో సరిగ్గా అక్కడే పెడుతుంది అంది.

పెదనాన్న అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. పోలీసు సినిమాలంటే ఆయనకి చిరాకు, లాఠీ పట్టుకునే పద్ధతి కూడా తెలియదు వీళ్ళకి అంటాడు. మార్జ్ ఆ మంచులో అడుగుల గుర్తులు చూసి, ఒకడు పొడుగువాడు, ఇంకొకడు పొట్టివాడు, ఇక్కడ కారు ఆపారు, ఇక్కడ పోలీసుని కాల్చారు, ఎదురొచ్చినవాళ్ళు చూశారు, వెంటపడ్డారు అని వరసగా చెప్పుకుపోతుంటే పెదనాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కింది పోలీసొకడు, చచ్చిపోయిన పోలీసు చివరగా బుక్కులో డీ ఎల్ ఆర్ అని రాశాడు మేడమ్, ఆ అక్షరాలతో మొదలయ్యే నంబర్ల కోసం వెతుకుతున్నాం, ఏదీ దొరకలేదు అంటాడు. ఆవిడ అతన్ని తిట్టదు, వెక్కిరించదు, నీ పని నూటికి నూరు పాళ్ళు సరిగ్గా ఉందనుకోను అని నెమ్మదిగా అని, అది డీలరు ప్లేటయ్యా అంటుంది, అంటే షోరూం బండికి పెట్టేది. పెదనాన్న గట్టిగా "ఆఁ!" అన్నాడు. "ఇట్టాంటి ఎస్సై ఒక్కరుంటే మేం ముప్పై ఏళ్ళు తిట్లు తినకుండా పనిచేసుండేవాళ్ళం" అన్నాడు. ఆయన ఆ మాట నవ్వుతూ అనలేదు.

ఇంకో చోట ఇద్దరు అమ్మాయిల్ని ఆ దొంగలు ఎలా ఉంటారని అడుగుతుంది. ఒకడు అదోరకంగా ఉంటాడు అంటారు. అదోరకంగా అంటే? అంటే... అదోరకంగానే. ఇంతకన్నా ఒక్క ముక్క రాదు. మేమంతా నవ్వుతుంటే పెదనాన్న ఇది కామెడీ కాదురా, సాక్షి స్టేట్‌మెంట్ అంటే ఇట్టానే ఉంటాది అన్నాడు. కొండాపురం వైపు ఒక దొంగతనం కేసులో ఆరుగురు సాక్షులుంటే ఆరుగురూ మనిషి మాత్రం మంచోడిలాగే ఉన్నాడు సార్ అన్నారట.

నా వంతు కూడా వచ్చింది. వాగుడుకాయ దొంగ వేరే బండి నంబరు ప్లేటు కొట్టేయడానికి విమానాశ్రయం పార్కింగ్‌లోకి పోతాడు. పని చూసుకుని నిమిషాల్లో బయటికొస్తుంటే గేటు దగ్గర నాలుగు డాలర్లు అడుగుతారు. నేను బండి పెట్టనే లేదు కదా, మనసు మార్చుకుని వెళ్ళిపోతున్నాను అంటాడు. రూలు అది సార్ అంటాడు ఆ గేటువాడు, చాలా మర్యాదగా. అంతే, వీడు రెచ్చిపోతాడు, యూనిఫాం వేసుకున్నంత మాత్రాన పెద్ద మొనగాడివా అని నానా మాటలూ అంటాడు. తలకాయ మీద మూడు హత్యలున్నాయి, పక్కన కొట్టేసిన ప్లేటుంది, వీడు నాలుగు డాలర్ల కోసం గొడవ పడుతున్నాడు. అందరూ పగలబడి నవ్వారు, నాకు రాలేదు. నేను రోజూ రైల్లో నెల్లూరు పోయొస్తుంటాను. బండి ఒక స్టాండులో పెడతాను. ఒకసారి ఇరవై నాలుగు గంటలు దాటి పది నిమిషాలైందని రెండో రోజు డబ్బులు కూడా కట్టమన్నాడు అక్కడి కుర్రాడు. పది రూపాయలు. నేను అతనితో ఎంత గొడవ పెట్టుకున్నానంటే చుట్టూ మనుషులు గుమిగూడారు, చివరికి ఇరవై రూపాయల నోటు కౌంటరు మీద విసిరికొట్టి చిల్లర తీసుకోకుండా వచ్చేశాను. అంటే ఇంకో పది రూపాయలు నేనే ఎక్కువిచ్చాను. బుషెమి మొహం మీద ఆ సీన్లో ఏముందో, ఆ రోజు నా మొహం మీద అదే ఉండుంటుంది. సినిమాలో తర్వాత ఇంకో పార్కింగ్ గేటు దగ్గర కూర్చున్న ఇంకో మనిషి ఏమవుతాడో చూశాక ఆ స్టాండు కుర్రాణ్ణి చూస్తే నమస్కారం పెడుతున్నాను. అతనికెందుకో అర్థం కావడం లేదు.

తమ్ముడి కంప్లయింట్లు చాలా ఉన్నాయి. హీరో లేడు, ట్విస్టు లేదు, మధ్యలో మార్జ్ పాత క్లాస్‌మేటుని హోటల్లో కలిసే సీను ఎందుకో తెలియదు, దాన్ని తీసేస్తే ఇంకా చిన్న సినిమా అయ్యేదట. నేను కూడా మొదటిసారి అలాగే అనుకున్నాను. ఆ క్లాస్‌మేటు భార్య పోయిందని ఏడుస్తాడు, మార్జ్ పాపం అనుకుంటుంది. తర్వాత ఎవరో ఫోన్లో చెప్తారు, వాడు చెప్పిందంతా అబద్ధం, వాడికి పెళ్ళే కాలేదు, ఆవిడ బతికే ఉంది. వెంటనే మార్జ్ తిరిగి జెర్రీ షోరూంకి పోతుంది. సినిమా ఈ రెండింటికీ ముడి వేసి చూపించదు, మనమే వేసుకోవాలి. కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడే అంత సులువుగా అబద్ధం చెప్తే, ఇకిలించినవాడు చెప్పడా అని ఆవిడకి తట్టింది. ఏ సంబంధమూ లేని ఒక ఒంటరివాడి అబద్ధం కేసుని తేల్చింది. ఎదురొచ్చిన కారులోవాళ్ళని చంపిన గుడ్డి లెక్కే ఇక్కడ న్యాయం వైపు తిరిగింది. ఇంత చెప్పాక కూడా తమ్ముడు "అయినా ల్యాగే అన్నా" అన్నాడు. సరే.

యాస గురించి ఒక మాట. మినియాపాలిస్ ఉండే రాష్ట్రం మినెసోటా, అక్కడివాళ్ళు ఆ సినిమాలో ప్రతి దానికీ సాగదీసి "యా" అంటారు, కోపం వచ్చినా మర్యాదగానే మాట్లాడతారు. ఆ ప్రాంతంలో కొందరికి ఇది తమని వెక్కిరించడంలా అనిపించిందట. నాకు అర్థమైంది. మన సినిమాల్లో నెల్లూరు యాస వినపడిందంటే వచ్చినవాడు కమెడియనో, జేబుదొంగో అయ్యుంటాడు. తేడా ఏమిటంటే కోయెన్ అన్నదమ్ములు అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. పైగా అదే యాసతో మాట్లాడే మార్జ్ సినిమాలో అందరికన్నా తెలివైనది. మన వైపు "ఏందబ్బయ్యా" అంటూనే హంతకుణ్ణి పట్టుకునే ఒక ఎస్సైని ఎవరైనా రాస్తే మొదటి టికెట్టు నాదే.

ఫొటోగ్రఫీ రోజర్ డీకిన్స్, సంగీతం కార్టర్ బర్వెల్. ఆ టైటిల్ సంగీతానికి మూలం నార్వే జానపద భక్తిగీతం ఒకటి. ఒక దిక్కుమాలిన కారు రోడ్డు మీద వస్తుంటే దానికి అంత గంభీరమైన సంగీతం ఎందుకా అని మొదట నవ్వొస్తుంది, చివర్లో రాదు.

నచ్చనిదీ ఉంది. జెర్రీ భార్య. ఆవిడకి సినిమా చేసిన అన్యాయం ఆ దొంగలు చేసినదానికి పెద్దగా తీసిపోదు. షవర్ కర్టెన్ చుట్టుకుని పరిగెత్తి మెట్ల మీద నుంచి దొర్లిపడుతుంది, తలకి సంచి తొడిగి ఉంటే మంచులో అటూ ఇటూ తడబడుతూ పరిగెడుతుంది, దొంగ నవ్వుతాడు, కెమెరా కూడా వాడితో కలిసి నవ్వినట్టే ఉంటుంది. తమ్ముడు నవ్వాడు, బావ కొంచెం నవ్వాడు. అమ్మ తమ్ముడి నెత్తిన ఒక్కటిచ్చింది. "నవ్వే సీనా అది?" ఆవిడ ఎప్పుడు ఎలా చనిపోయిందో కూడా చూపించరు, నేల మీద పడి ఉంటుంది, అరుస్తూనే ఉంటే చంపేశానన్నట్టు ఒక ముక్కలో చెప్పేస్తాడు. అదే ఉద్దేశమంటారు సినిమా పండితులు, మనిషి ప్రాణం వాళ్ళకి అంత చవక అని చూపించడానికట. అయ్యుండొచ్చు. నేనైతే దీనికి అర మార్కు తీసేస్తున్నాను. ఐదుకి నాలుగున్నర.

ఇంకోటి, మొదట్లో తెర మీద ఇది 1987లో మినెసోటాలో జరిగిన నిజ కథ, బతికున్నవాళ్ళ కోరిక మీద పేర్లు మార్చాం, చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్తున్నాం అని వేస్తారు. తమ్ముడు ఇది మాత్రం గొంతు పెద్దది చేసి తెలుగులో చదివాడు. అందుకే అమ్మ అంత ఇదైపోయింది. అది అబద్ధం. కథంతా కల్పితమే. చివర్లో టైటిల్స్‌లో, ఎవరూ చదవని చోట, పాత్రలు కల్పితం అని వేసేశారు. శవాన్ని చెక్కలు ముక్కలు చేసే మిషన్లో పెట్టడం లాంటి ఒకటీ అరా మాత్రం బయట జరిగినవే, అది కూడా మినెసోటాలో కాదు, కనెక్టికట్‌లో 1986లో జరిగిన ఒక హత్య. ఈ సంగతి చెప్తే అమ్మకి ఊరట కలుగుతుందనుకున్నాను. కోపమొచ్చింది. "అబద్ధానికా నేను ఏడ్చింది" అని రెండు రోజులు తమ్ముడితో సరిగా మాట్లాడలేదు, పాపం వాడు తీశాడా సినిమా.

చివరికి ఏమవుతుందంటే, వాగుడుకాయ చేతికి పది లక్షల డాలర్లు వస్తాయి. పొడుగాటివాడికి 80 వేలే తెలుసు కాబట్టి ఆ 80 వేలు పక్కకి తీసి మిగతా 9 లక్షల 20 వేలు మంచులో, ఒక కంచె పక్కన పాతిపెడతాడు. అటు చూస్తే కంచె, ఇటు చూస్తే కంచె, కనుచూపు మేర అదే కంచె, అదే మంచు. గుర్తుకి అద్దం గీకే చిన్న పుల్ల ఒకటి గుచ్చుతాడు. తమ్ముడు అప్పుడు ఫోన్ పక్కన పెట్టాడు. 1987లో డాలరు దాదాపు 13 రూపాయలు, అంటే కోటీ ఇరవై లక్షలు అని లెక్కగట్టి, ఆ రోజుల్లో నెల్లూరులో ఎన్ని ఎకరాలొచ్చేవో అని బావతో చర్చ పెట్టాడు. వాగుడుకాయ తిరిగి వాళ్ళు దాక్కున్న ఇంటికొస్తాడు, దవడలో తూటా దెబ్బ, రక్తం కారుతోంది, 80 వేలు పంచుకుందాం, కారు నేను తీసుకుంటానంటాడు. కారులో కూడా సగం వాటా ఇమ్మంటాడు పొడుగాటివాడు. టీఆర్ స్టిక్కర్ లేని అదే కారు. ఆ సగం కారు దగ్గర మాట తేడా వచ్చి గొడ్డలి లేస్తుంది. అంత డబ్బు పాతిపెట్టి వచ్చినవాడు ఆ కారులో సగం ఇచ్చేసి దండం పెట్టి పోవచ్చు కదా అని మేమంతా అరిచాం. పెదనాన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. గట్టు తగాదాల్లో గొడ్డళ్ళు ఎన్ని అంగుళాల కోసం లేస్తాయో తెలిసిన మనిషి.

ఎవరు చూడొచ్చంటే, పిల్లలతో వద్దు, రక్తం ఉంది, పడకసీను ఉంది, మా తమ్ముడు రిమోట్ మీద పడి ఫార్వర్డ్ చేసిన తీరు ఒక కామెడీ. తినేటప్పుడు వద్దు, ఆ మిషన్ సీను అన్నం సహించనివ్వదు. కార్ల వ్యాపారంలో ఉన్నవాళ్ళు, పోలీసు శాఖలో చేసినవాళ్ళు, అప్పుల్లో ఉన్నవాళ్ళు తప్పకుండా చూడండి. ఎండాకాలంలో చూస్తే కరెంటు బిల్లు కూడా కొంచెం ఆదా.

సినిమా అయిపోయేసరికి ఒంటిగంట దాటింది. అక్క నిద్రపోయింది. చివరి సీన్లో మార్జ్, ఆవిడ మొగుడు మంచం మీద పడుకుని, ఆయన వేసిన బాతు బొమ్మ మూడు సెంట్ల పోస్టల్ స్టాంపు మీదికి ఎక్కిందని మాట్లాడుకుంటారు, ఇంకో రెండు నెలలు అనుకుంటారు కడుపు మీద చెయ్యి వేసి. బావ అక్క వైపు చూసి దుప్పటి సరిచేశాడు. అమ్మ ఇదేమీ పట్టించుకోలేదు. "ఆ పిల్లోడు ఏమయ్యాడురా?" అంది.

జెర్రీకి ఒక కొడుకుంటాడు సినిమాలో, పన్నెండు పదమూడేళ్ళవాడు. అమ్మని ఎత్తుకుపోయారని తెలిశాక గదిలో మంచం మీద ఏడుస్తాడు, నాన్న వచ్చి అంతా బాగైపోతుందంటాడు. ఆ తర్వాత వాడి అమ్మ చచ్చిపోతుంది, తాత చచ్చిపోతాడు, నాన్న జైలుకి పోతాడు. నాన్నని పట్టుకున్నాక వాడు ఏమయ్యాడో చూపించరు. నేను, బావ, తమ్ముడు ఒకరి మొహాలొకరు చూసుకున్నాం, మాకెవరికీ వాడు గుర్తే లేడు.

పెదనాన్న చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. "అట్టాంటి పిల్లోళ్ళని స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టేవాళ్ళం అమ్మా. టీ, బన్ను తెప్పించేవాళ్ళం. కాసేపటికి మేనమామో ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్ళు" అన్నాడు. మళ్ళీ ఏదో అనబోయి, గ్లాసు అక్కడే పెట్టేశా చూడమ్మా అని వెళ్ళిపోయాడు.